మాధవాయిపాలెం రేవు నుంచి ఇద్దరు కలెక్టర్లకు బహిరంగ లేఖ

పశ్చిమగోదావరి జిల్లా కలెక్టర్ గారికి, భీమవరం.
డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ కోనసీమ జిల్లా కలెక్టర్ గారికి, అమలాపురం.

నమస్కారమండీ.

ఒకే ఉత్తరం ఇద్దరు పెద్దలకు రాయడం పద్ధతి కాదని మా ఇంట్లోనే అన్నారు. ఎవరికి వాళ్ళకు విడిగా రాయాలట. అలా రాస్తే ఏమవుతుందో నాకు తెలుసు. ఈ ఒడ్డున ఇచ్చిన అర్జీ ఏటి మధ్యదాకా వెళ్తుంది, ఆ ఒడ్డున ఇచ్చిందీ ఏటి మధ్యదాకానే వస్తుంది. అందుకే ఇద్దరికీ కలిపి, నలుగురూ చదివేలా రాస్తున్నాను.

మాది మాధవాయిపాలెం. నరసాపురాన్ని ఆనుకుని వశిష్ఠ గోదావరి ఒడ్డున ఉన్న చిన్న ఊరు. నరసాపురం సముద్రానికి దగ్గరి పట్టణం. మా ఊరు ఆ పట్టణానికి శివారు. ఎదురుగా ఏటికి అవతల సఖినేటిపల్లి. మధ్యలో నీళ్ళు, నీళ్ళ మీద మనుషుల్నీ బండ్లనీ ఏరు దాటించే బల్లపరుపు పడవ, పంటు. ఇంతకు మించి మా ఊరి గురించి చెప్పడానికి లేదనుకుంటారు చాలామంది. పంటు ఎక్కేవాళ్ళు మా ఊరిని చూడరు, రేవును చూస్తారు. రేవుకెళ్ళే దారిలో మా ఇంటివాళ్ళది చిన్న కిరాణా కొట్టు. ఏరు దాటేవాళ్ళు కొనే సోడాలు, బిస్కెట్లు, అగ్గిపెట్టెలతో నా చదువు గడిచింది. కాబట్టి నేను రాసేదానిలో నా స్వార్థం ఎక్కడుందో ముందే చెప్పుకున్నట్టయింది.

1925లో పశ్చిమగోదావరి జిల్లా ఏర్పడ్డప్పటి నుంచీ ఈ ఏరే సరిహద్దు. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చాక అవతలి పేరు తూర్పుగోదావరి పోయి కోనసీమ అయింది. ఆఫీసులు మారాయి, బోర్డులు మారాయి, సరిహద్దు మాత్రం అదే. నరసాపురం పేరు మీద పార్లమెంటు నియోజకవర్గం ఉన్నా జిల్లా కేంద్రం భీమవరానికి వెళ్ళిందని అప్పట్లో ఇక్కడ పెద్ద ఆందోళనే జరిగింది. ఆ బాధ మా పట్టణానికి ఇంకా ఉంది, ఇక్కడ దాన్ని తవ్వను. నేను చెప్పేది అంతకన్నా చిన్న సంగతి. మ్యాపులో సన్నటి నీలం గీతలా కనిపించేది మాకు రోజూ నడిచే రోడ్డు. ఆ రోడ్డుకు రెండు జిల్లాలు ఉన్నాయి. దాన్ని ‘ఇది నా రోడ్డు’ అనుకునే ఆఫీసు ఒక్కటి కావాలి. ఈ ఉత్తరం సారం అదే.

పంటు మీద ఎవరెవరు దాటతారో కొంచెం చెప్పనివ్వండి. కోనసీమకు రైలు లేదు. కోటిపల్లి–నరసాపురం లైను పనులు ఏళ్ళ తరబడి నడుస్తూనే ఉన్నాయి, స్తంభాలు చూశాం, రైలు చూడలేదు. అందుకని సఖినేటిపల్లి, మలికిపురం వైపు జనానికి హైదరాబాదు వెళ్ళే రైలంటే నరసాపురం స్టేషనే. సాయంత్రం పూట సూట్‌కేసులతో దిగేవాళ్ళంతా వాళ్ళే. కువైట్‌కో మస్కట్‌కో వెళ్ళే ఆడవాళ్ళుంటారు, వాళ్ళను సాగనంపడానికి ఒడ్డుదాకా వచ్చి ఏడ్చే పిల్లలుంటారు. ఇక పొద్దున్నయితే వై.ఎన్. కాలేజీ పిల్లలు, ఆస్పత్రికి వచ్చే ముసలివాళ్ళు, చేపల బుట్టలు, కొబ్బరికాయల బస్తాలు, పాల క్యాన్లు కట్టుకున్న బైకులు, ఆటోలు, కార్లు. ఇక్కడి నుంచి అటు వెళ్ళేవాళ్ళలో మేస్త్రీలు, కరెంటు పనివాళ్ళు, టీచర్లు, అంతర్వేది నరసింహస్వామి భక్తులు. లేసు అల్లే ఆడవాళ్ళకు నూలు ఉండలు కూడా ఏరు దాటే వెళ్తాయి. నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చిందని అందరం సంతోషించాం. ఆ లేసు అల్లే చేతులు రెండు ఒడ్డులా ఉన్నాయన్నది పేపర్లో పెద్దగా రాలేదు.

పెళ్ళి సంబంధాలయితే చెప్పనే అక్కర్లేదు. మా వీధిలో సగం కోడళ్ళు అవతలి ఒడ్డు వాళ్ళే. పుట్టింటికి వెళ్ళాలంటే నీళ్ళు లేచే పోటా, దిగే పాటా అని చూసుకుని బయల్దేరతారు.

మా ఊరు ఇవాళ్టిది కాదండీ. 17వ శతాబ్దంలోనే ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీకి ఇక్కడ బట్టలు కొనే ఫ్యాక్టరీ ఉండేది. ఫ్యాక్టరీ అంటే మిషన్లు తిరిగేది కాదు, సరుకు కొని దాచి ఓడకెక్కించే కొట్టు. దొరల నోట మా ఊరు మడపోళం అయింది, ఆ పేరుతోనే ఇక్కడి నూలు బట్ట యూరప్ దాకా చలామణీ అయింది. ఈ ఒడ్డున ఓడలు కట్టేవారు, కలప, ఇనుము, పనివాళ్ళు బాగా దొరుకుతారని ఆ కాలపు ఇంగ్లీషు ప్రయాణికులు రాసిపెట్టారు. డచ్చివాళ్ళ జ్ఞాపకంగా నరసాపురంలో వలందర రేవు ఉండనే ఉంది. ఇదంతా గొప్పలకు చెప్పడం లేదు. సముద్రం దాటే ఓడలు కట్టిన ఒడ్డు నుంచి ఎదురుగా కనిపించే ఊరికి వెళ్ళడానికి మేం ఇంకా ఇబ్బంది పడుతున్నాం అని చెప్పడానికి మాత్రమే.

వంతెన సంగతి మీకు చెప్పనవసరం లేదు. నరసాపురం–సఖినేటిపల్లి వంతెన మాట మా తాతల కాలం నుంచీ ఉంది. శంకుస్థాపనలు అయ్యాయి. మట్టి పరీక్షలు అయ్యాయి. ఎన్నికలు చాలా అయ్యాయి. ప్రతిసారీ పేపర్లో వేసే బొమ్మ మాత్రం బాగుంటుంది, నీళ్ళు కూడా నీలంగా ఉంటాయి అందులో. వంతెన కావాలి. అందులో రెండో మాట లేదు. కానీ ఈ ఉత్తరం వంతెన కోసం రాయడం లేదు. ఆ అర్జీలు మీ ఆఫీసుల్లో ఇప్పటికే కట్టలుగా ఉంటాయి, నేను ఇంకొకటి చేర్చి లాభం లేదు.

నేను అడిగేది వంతెన వచ్చేదాకా సంగతి. ‘ఎలాగూ వంతెన వస్తుంది కదా’ అన్న మాట మా రేవుకు చేసినంత చెడు వరద కూడా చేయలేదు. ఏ పని అడిగినా అదే జవాబు. రేవు దగ్గర శాశ్వతంగా ఏదైనా కట్టమంటే, వంతెన వస్తే వృథా అవుతుంది అంటారు. పంటు బదులు ఇంకాస్త పెద్దది, ఇంకాస్త మంచిది ఉంటే బాగుండునంటే, ఇంకెన్నాళ్ళులే అంటారు. ఆ ఇంకెన్నాళ్ళులో మా నాన్న తరం ముసలిదయిపోయింది. రేపే టెండర్లు పిలిచినా గోదావరి మీద వంతెన ఒక వేసవిలో లేచేది కాదు. కొన్నేళ్ళు పడుతుంది. ఆ కొన్నేళ్ళూ జనం దాటవలసింది ఈ రేవులోనే.

చట్టం దృష్టిలో కూడా రేవు ఎవరో ఒకరి సొంత వ్యాపారం కాదు. 1890లో మద్రాసు ప్రభుత్వం కాలువలకు, పబ్లిక్ ఫెర్రీలకు చట్టం చేసింది. పబ్లిక్ ఫెర్రీ అంటేనే జనం దారి. వేలం పాటలో ఎవరు పాడుకున్నా వాళ్ళు పాడుకునేది సొమ్ము వసూలు చేసుకునే హక్కు మాత్రమే. దారి ప్రభుత్వానిదే, బాధ్యతా ప్రభుత్వానిదే. రేవు పాట ఎన్ని లక్షలు పలికిందన్నది ఏటా వార్త అవుతుంది. ఆ డబ్బులో ఎంత తిరిగి రేవుకు ఖర్చయిందన్నది కూడా ఏటా వార్త కావాలి. పాట సొమ్ములో ఇంత భాగం రేవు మీదే పెట్టాలి అని ఒక నియమం రాయండి చాలు. లెక్క రెండు ఒడ్డులా గోడ మీద రాయించండి. పాట పాడినవాళ్ళ మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. పంటు నడిపే సరంగులు, దాని మీద పనివాళ్ళు మా కళ్ళముందు పెరిగినవాళ్ళు, ఏటి సుడి ఎక్కడుందో వాళ్ళకు తెలిసినట్టు ఏ ఇంజినీరుకూ తెలీదు. నేను అడిగేది పై నుంచి రావలసిన పద్ధతి.

ఇక వరద రోజుల సంగతి. ఇక్కడే ఎక్కువ చెప్పాలి.

ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర 11.75 అడుగులకు ఒకటో ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. లక్షల క్యూసెక్కుల్లో చెప్పాలంటే పది, పదమూడు, పదిహేడు. ఈ లెక్కలు గోదావరి జిల్లాల్లో పిల్లలకు కూడా నోటికొచ్చు. నీళ్ళు పెరిగితే పంటు ఆగుతుంది. ఆగాలి. ఆపినందుకు ఎవరూ తప్పు పట్టకూడదు. 1986 ఆగస్టు వరదను చూసినవాళ్ళు ఇంకా మా ఊళ్ళో ఉన్నారు, భద్రాచలం దగ్గర 75.6 అడుగులు వచ్చిన ఏడాది అది. 2022 జూలైలో మళ్ళీ 71 అడుగులు దాటింది. అప్పుడు మా ఒడ్డున నిలబడి చూస్తే ఏరు మనిషి ఎత్తున లేచి వస్తున్నట్టుంది, కొట్టుకొచ్చే దుంగలకు పంటు అడ్డుపడితే ఏమవుతుందో ఊహించుకోవచ్చు.

తప్పెక్కడంటే, ఆగుతుందని ముందు రోజు ఎవరికీ తెలియకపోవడంలో. భద్రాచలంలో 43 అడుగులకు మొదటి హెచ్చరిక ఇచ్చిన దగ్గర్నుంచీ ఆ నీళ్ళు ధవళేశ్వరం దాటి మా దాకా రావడానికి చాలా గంటలు పడుతుంది. ఎప్పటికి ఎంత వస్తుందో జలవనరుల శాఖవాళ్ళు లెక్క కడతారు. లంకల్లో ఉన్నవాళ్ళకు కబురు వెళ్తుంది. మరి అదే లెక్కతో ‘రేపు పొద్దున పంటు నడవదు’ అని ఇవాళ సాయంత్రమే చెప్పడానికి ఏం కష్టం? పరీక్ష రాయవలసిన పిల్ల పొద్దున్నే ఒడ్డుకొచ్చి తాడు కట్టి ఉండడం చూసి, అప్పుడు చించినాడ వైపు పరుగెత్తితే ఏ పరీక్ష అందుతుంది? మలికిపురం, దిండి, చించినాడ వంతెన, పాలకొల్లు, అప్పుడు నరసాపురం. కళ్ళ ముందు కనిపించే ఊరికి నాలుగు మండలాలు తిరిగి రావాలి.

ఆ రోజుల్లో నరసాపురం డిపో, రాజోలు డిపో కలిసి ఈ చుట్టు దారిలో అదనంగా బస్సులు తిప్పితే సగం టెన్షన్ తీరుతుంది. పంటు ఆగిన గంటలో బస్సు మొదలవ్వాలి. ఇందుకు కొత్త పథకం అక్కర్లేదు, కొత్త జీవో అక్కర్లేదు. మీ ఇద్దరిలో ఒకరు ఇంకొకరికి ఫోను చేస్తే అయ్యే పని. వరద తగ్గాక కూడా మళ్ళీ ఎప్పుడు వదులుతారన్నది రోజుల తరబడి ఊహాగానంగానే ఉంటుంది. రోజూ ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి రెండు ఒడ్డులా మైకులో చెప్పించండి. ఫోన్లున్న కాలంలో మైకేమిటంటారేమో. చేపల బుట్టతో వచ్చే అమ్మ ఫోనులో గ్రూపు మెసేజ్ చూడదు, మైకు వింటుంది.

రాత్రి సంగతి ఇంకోటి. చివరి పంటు వెళ్ళాక ఏరు రెండు దేశాల సరిహద్దే. సఖినేటిపల్లి ఒడ్డున నిలబడితే నరసాపురం దీపాలు కనిపిస్తాయి. నొప్పులు పడే అమ్మాయిని తీసుకుని అంబులెన్సు మాత్రం ఇందాక చెప్పిన చుట్టు తిరగాలి. అర్ధరాత్రి పల్లెటూరి రోడ్ల మీద అది ఎంతసేపో మీకు నేను చెప్పాలా? అవతల మలికిపురం, రాజోలు వైపు ఆస్పత్రులు లేవని కాదు. దగ్గరిది ఇటు, తెలిసిన డాక్టరు ఇటు, కాగితాలు ఇటు ఉన్నప్పుడు మనిషి కాలు ఇటే లాగుతుంది. ఒక్క మోటారు బోటు, రాత్రి డ్యూటీకి ఇద్దరు మనుషులు, రెండు ఒడ్డులా మంచి లైటు. ఏటి మీద రాత్రి ప్రయాణం ప్రమాదమే, వరద రోజుల్లో కుదరదు, పొగమంచులో కుదరదు. మిగతా రాత్రులకైనా ఈ ఏర్పాటు ఉండాలి. ఎవరి డబ్బుతో అంటారా? అదే కదా మీ ఇద్దరూ కూర్చుని తేల్చవలసింది.

ఇప్పుడు చార్జీల మాట. 2025 ఆగస్టు 15 నుంచి రాష్ట్రంలో ఆడవాళ్ళకు ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్టు లేదు. మంచి పని. మా కొట్టు దగ్గర ఒకావిడ నవ్వుతూ అంది, ‘పాలకొల్లు మీదుగా లోకమంతా చుట్టొస్తే ఉచితం, ఎదురుగా దాటితే డబ్బులు’ అని. నవ్వులాటకే అంది గానీ అందులో అబద్ధం లేదు. రోడ్డు ఉన్న ఊళ్ళ ఆడవాళ్ళకు వచ్చిన మేలు ఏరు అడ్డుగా ఉన్న ఊళ్ళవాళ్ళకు ఆ ఏటి దగ్గరే ఆగిపోయింది. పంటును ఉచితం చేస్తే పాటదారుకు ప్రభుత్వం చెల్లించాలి, తెలుసు. బస్సులకు చెల్లిస్తున్నది కూడా ప్రభుత్వమే కదా. అదంతా విజయవాడలో తేలేదాకా, కనీసం చదువుకునే పిల్లలకు బస్సు పాసులాగా పంటు పాసు ఇప్పించండి. కాలేజీ కార్డు చూపిస్తే చాలు అనేలా ఉండాలి.

భద్రత గురించి రాయాలంటే నాకు చెయ్యి సాగదు. 2018 జూలై 14న గౌతమి పాయలో పశువుల్లంక దగ్గర నాటు పడవ బోల్తా పడి బడికెళ్ళే ఆడపిల్లలు పోయారు. ఆ పడవ దేనికి తగిలిందో గుర్తుందా? కట్టడం పూర్తికాని వంతెన స్తంభానికి. వంతెన వచ్చేదాకా అన్న మాటకు అంతకంటే కటువైన అర్థం నేను వినలేదు. మరుసటి ఏడాది సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర రాయల్ వశిష్ఠ అనే పర్యాటకుల బోటు మునిగింది. ఆ నెలల్లో తనిఖీలు, కంట్రోల్ రూములు, లైసెన్సులు అంటూ గోదావరి పొడవునా హడావుడి చూశాం. హడావుడి మంచిదే. కాకపోతే అది ప్రమాదం జరిగిన ఏడాది మాత్రమే ఉంటే చాలదు.

పంటు నాటు పడవ కాదు, విశాలంగా, నిలకడగా ఉంటుంది. అందుకే జనానికి భయం తక్కువ. భయం తక్కువైన చోటే జాగ్రత్త కూడా తగ్గుతుంది, అది మనుషుల సహజం. మన జనం లైఫ్ జాకెట్ ఇచ్చినా వేసుకోరు, చెమట పడుతుందంటారు, చీర నలుగుతుందంటారు. ఇందులో తప్పు మాదే ఎక్కువ. కానీ ఎంతమంది, ఎన్ని బండ్లు ఎక్కాలో పెద్ద అక్షరాలతో పంటు మీదే రాసి ఉంటే, ఆ సంఖ్య దాటగానే గొలుసు వేసే అధికారం సరంగుకు ఉంటే, ‘ఇంకొక్క బండి పట్టుద్ది బాబూ’ అనే పెద్దమనిషికి జవాబు చెప్పడం తేలికవుతుంది. ఆ పెద్దమనిషి ఏ కారులో వచ్చినా సరే. ఈ ఒక్కదానికి మీ ఇద్దరి సంతకం కావాలి, మామూలు మనిషి మాట ఇక్కడ చెల్లదు.

ఒడ్డు సంగతి కూడా చూడండి. ఇది పోటు పాటు ఉన్న ఏరు. సముద్రం దగ్గర కాబట్టి రోజుకు రెండుసార్లు నీళ్ళు లేస్తాయి, రెండుసార్లు దిగుతాయి. పోటు మీద దిగడానికి వీలున్న ర్యాంపు, పాటు మీద బురదలోకి దింపుతుంది. కర్రపట్టుకుని నడిచే ముసలాయనకు, చంకలో బిడ్డ ఉన్న తల్లికి ఏ నీటి మట్టానికైనా పొడికాలుతో దిగే ఏర్పాటు ఉండాలి. నీళ్ళతో పాటు లేచి దిగే తేలే మెట్టు ఒకటి రెండు ఒడ్డులా పెడితే చాలు. పర్యాటకుల కోసం ఇలాంటివి బోటింగు పాయింట్ల దగ్గర పెడతారు. పొద్దున్నే పనికి వెళ్ళేవాడికి పెడితే తప్పా?

ఏటిగట్టు ముక్క ఒకటి చెప్పి ముందుకెళ్తాను. నరసాపురం దగ్గర వశిష్ఠ ఒడ్డును కోస్తుంది, ఇది కొత్త కబురు కాదు. పొన్నపల్లి వైపు వాళ్ళు వరద వస్తే నిద్రపోరు. వరద తగ్గాక బస్తాలు వేయడం కాకుండా, రాతికట్టు పని వేసవిలో కాలువలు కట్టేసినప్పుడే మొదలయ్యేలా చూడండి. జూన్‌లో మొదలైన గట్టు పని జూలైలో ఏటిపాలు.

వచ్చే పుష్కరాలు 2027 జూన్ 26 నుంచి. ఘాట్లకు అంచనాలు వేస్తారు, రంగులు వేస్తారు, లైట్లు పెడతారు. నరసాపురంలో వలందర రేవుకు, అవతల అంతర్వేదికి జనం పోటెత్తుతారు. ఇటు స్నానం చేసినవాళ్ళు అటు స్వామి దర్శనానికి వెళ్ళాలనుకుంటారు, దానికి దగ్గరి దారి మా పంటు. ఇప్పుడే భీష్మ ఏకాదశి రథోత్సవానికి ఈ రేవులో ఎంత ఒత్తిడి ఉంటుందో మీ పోలీసువాళ్ళను అడగండి, చెబుతారు. పుష్కరాలంటే అలాంటి రోజులు వరసగా పన్నెండు. అదీ జూన్ చివర, జూలై మొదట్లో, వరద ఎప్పుడు తలుపు తడుతుందో తెలియని రోజుల్లో. 2015 జూలై 14న రాజమండ్రి ఘాట్‌లో మొదటి రోజే జరిగిన తొక్కిసలాట ఎవరం మరచిపోలేదు. కాబట్టి పుష్కరాల ప్రణాళికలో ఘాట్ల పేజీల పక్కన మాధవాయిపాలెం–సఖినేటిపల్లి రేవుకు కూడా ఒక పేజీ ఉండాలి. అది ఏ జిల్లా పుస్తకంలో ఉండాలన్న ప్రశ్న వస్తే, రెండింటిలోనూ పెట్టండి. నా అనుమానం ఏమిటంటే, అవతలివాళ్ళు పెట్టి ఉంటారులే అని ఇద్దరూ వదిలేసే ప్రమాదం ఉంది.

నా స్వార్థం ముందే చెప్పానన్నాను కదా, మిగతాది కూడా చెప్పేస్తాను. వంతెన వచ్చిన రోజు మా ఊరి కొట్లు మూతపడతాయి. టిఫిను బండ్లు, సోడా బడ్డీలు, పంక్చర్ షాపు, ఆటో స్టాండు, పంటు పనివాళ్ళు, వీళ్ళందరి బతుకు జనం ఆగే ఆ పది పదిహేను నిమిషాల మీద నడుస్తోంది. చించినాడ వంతెన వచ్చాక అక్కడి రేవు ఏమైందో మాకు తెలుసు. మా ఊళ్ళో కొందరు వంతెన మాట ఎత్తితే పైకి అవును అంటారు, లోపల ఇంకొన్నాళ్ళు ఆగితే బాగుండు అనుకుంటారు. వాళ్ళను తప్పు పట్టను. కానీ మా సోడా కోసం అవతలి ఒడ్డున ఒక బాలింత చుట్టు తిరగాలని కోరుకునేంత చెడ్డవాళ్ళం కాదు. వంతెన పని నిజంగా మొదలైన రోజు, భూమి కోల్పోయేవాళ్ళ లిస్టుతో పాటు రేవు మీద బతికేవాళ్ళ లిస్టు కూడా ఒకటి రాయించండి. సరంగులకు ప్రభుత్వ బోట్లలో పని దొరకవచ్చు. మా కొట్టుకు నేను వేరే దారి చూసుకుంటాను.

ఇవన్నీ జరగడానికి మిమ్మల్ని అడిగేది ఒకటే ఏర్పాటు. రెండు జిల్లాల నుంచి చెరొక అధికారి, పోలీసు, జలవనరులు, ఆర్టీసీ వాళ్ళు, పాటదారు, రెండు ఊళ్ళ నుంచి ఇద్దరు ఆడవాళ్ళు, ఇద్దరు మగవాళ్ళు ఉండే ఒక చిన్న కమిటీ. రేవు మొత్తానికి బాధ్యత ఆ కమిటీది. ఛైర్మన్ ఒక ఏడాది ఇటువాళ్ళు, ఒక ఏడాది అటువాళ్ళు. ఆడవాళ్ళను ఎందుకు ప్రత్యేకంగా అడుగుతున్నానంటే, రేవులో మరుగుదొడ్డి అవసరం, రాత్రి లైటు అవసరం మగవాళ్ళకు గుర్తు రావడానికి నాలుగు మీటింగులు పడుతుంది.

ఈ నెలలో ఏదో ఒక రోజు మీరిద్దరూ రండి. వస్తున్నామని ముందు చెప్పకండి, చెబితే రేవంతా సున్నం కొట్టి పెడతారు, మీకు కనిపించేది వేరు. ఒకరు భీమవరం నుంచి ఇటు, ఒకరు అమలాపురం నుంచి అటు, పొద్దున ఎనిమిదింటికి, పాటు మీద. జీపు రోడ్డు మీదే వదిలేసి టికెట్టు కొనుక్కుని జనంతో పాటు ఎక్కండి. ఏటి మధ్యలో మీ పంట్లు ఎదురైతే చెయ్యి ఊపుకోవచ్చు. దాటాక మీరు చూసినదేదో ఇద్దరూ ఒకే కాగితం మీద రాసి, సంతకాలు చేసి, రెండు ఒడ్డులా ఒక్కో నకలు అతికించండి. అందులో ఏ పని ఎవరిది, ఏ తేదీకి అన్నది ఉంటే మాకు చాలు. గోడ కావాలంటే మా కొట్టు గోడ ఉంది, పోస్టరు అంటించినందుకు అద్దె అడగం.

ఇట్లు,
మాధవాయిపాలెం నుంచి
మీ ఇద్దరి జిల్లాల మనిషి